ముత్తవ్వ పలకని పేరు

"నాలుగు గంటలకు ట్యాంకర్ ఓడ కదుల్తది. ఇరవై రెండు మంది పానం నీ చెవిల ఉంది. సమజైందా?"

ఆపరేషన్ నడిపే నిజాముద్దీన్ సాబ్ బ్రీఫింగ్ అంతే.

1991 ఫిబ్రవరి. ఒమన్‌లోని రైసూత్ పోర్టు. ఏజెంట్ లచ్చన్న క్లీనర్ యూనిఫాంలో చీపురు పక్కన పెట్టి కూర్చున్నాడు. అతని టిఫిన్ క్యారియర్ కింది గిన్నెలో అన్నం లేదు, వైర్‌లెస్ సెట్ ఉంది.

సముద్రంలో ఒక విదేశీ ముఠా ఓడలను పేల్చే మైన్లు వదులుతోంది. వాటిని తప్పించుకునే దారిని రోజూ తూర్పు తీరంలోని సూర్ ఊరి నుంచి లచ్చన్న భార్య ముత్తవ్వ చెబుతుంది. ఆదిలాబాద్ అడవుల కొలామీ భాషలో. ఈ ఆపరేషన్‌లో ఆ భాష ముగ్గురికే వచ్చు.

మూడో మనిషి సింధూజ. మస్కట్‌లోని రూవి ఆఫీసు నుంచి కోడ్ షీట్లు తెచ్చే కొరియర్. నల్ల కళ్లద్దాలు, సెంటు వాసన. "అక్కకు జ్వరమొస్తే ఎట్ల బావా? నాకూ నేర్పుండ్రి" అంది. ముత్తవ్వ ఏడాదిపాటు ఆమెకు జడ వేస్తూ నేర్పింది. ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు.

సెట్ గరగరలాడింది. ముత్తవ్వ గొంతే. అదే యాస, అదే చిన్న దగ్గు.

"లచ్చన్న వచ్చిండు. తూర్పు దారి."

షీట్ ప్రకారం ఆ మాటకు అర్థం దారి సాఫ్, పోవచ్చని. ట్యాంకర్ తాళ్లు విప్పుతున్నారు.

లచ్చన్న చప్పున లేచాడు. ఆ కోడ్ సాబ్ సరదాకు పెట్టింది. కానీ పెళ్లయిన పదకొండేళ్లలో ముత్తవ్వ ఏనాడూ మొగుడి పేరు ఎత్తలేదు. సెట్‌లో కూడా "మా ఇంటాయన వచ్చిండు" అనేది. ఆ సంగతి తెలిసింది అతనొక్కడికే.

"ఆపుండ్రి! ఆ దారిల మైన్లున్నయ్!"

"షీట్ కరెక్టే కద భై?" అన్నాడు పక్కనే ఉన్న నిజాముద్దీన్ సాబ్.

"షీట్ కరెక్టే సాబ్. మనిషే తప్పు. సింధూజ."

చివరి తాడు జారుతుండగా ఇంజన్ ఆగింది.

పది నిమిషాలకు సూర్‌లో సాబ్ మనుషులు తలుపు పగలగొట్టిన చప్పుడు సెట్‌లోనే వినిపించింది. సింధూజ కట్టిన కట్లు విప్పాక ముత్తవ్వ మైకు అందుకుంది.

"మంచిగనే ఉన్నవా?" అడిగాడు లచ్చన్న.

"ఉన్న. ఆ పోరికి బాస అంత నేర్పిన. మొగుని పేరు ఎత్తద్దని చెప్పుడే మరిచిన."

వెనక సింధూజ కొలామీలో ఏడుస్తోంది. "అక్కా, ఒక్క మాట విను అక్కా..."

 ముత్తవ్వ హిందీలో అంది:

"హిందీల మాట్లాడు. కొలామీ ఇక్కడ ఎవ్వరికీ రాదు."