పాలసీసాలో పొగ

చనిపోయిన మనిషి ముక్కుపుటాల్లో మసి పేరుకుని ఉంది. పళ్ల సందుల్లో కూడా.

అతను జనరేటర్ల పొగను పరీక్షించే ఇన్‌స్పెక్టర్. డీజిల్ జనరేటర్ నడుస్తున్న షెడ్డులోకి తోసి, బయట గడియ వేశారు. ఏజెంట్ ‘వదిన’ అతని మీదికి వంగి వాసన చూసింది. ఇంకోసారి పీల్చింది. ఆ డీజిల్ కంపు అడుగున ఇంకో వాసన ఉంది. గులాబీ అత్తరు.

ఎవరింట్లోకైనా సొంత వదినలా చొరవగా దూరిపోతుందని డిపార్ట్‌మెంట్‌లో ఆమెకు ఆ పేరు పెట్టారు. అసలు పేరు ఎవరికీ తెలియదు.

గంట తిరక్కుండా ఆమె చీఫ్ గదిలో ఉంది. ఆయన్ని అందరూ ‘బాబాయ్’ అంటారు. కరెంటు లేదు. కిటికీ అవతల ఆఫీసు జనరేటర్ దడదడలాడుతోంది. ఫైళ్ల మీద, కుర్చీ చేతుల మీద నల్లటి జిడ్డు. వదిన కూర్చోబోయి, చీర అంచు చూసుకుని, నిలబడే ఉంది.

“ఎన్నిసార్లు చెప్పినా మన క్యాంటీన్‌వాడు టీ సరిగా వడగట్టడు,” అన్నాడు బాబాయ్, కప్పులో తేలుతున్న నల్లటి నలుసుల్ని వేలితో తీసి పారేస్తూ. “సరే, విను. ఆపరేషన్ ఉగ్గు. ఒక విదేశీ ముఠా, వాళ్ల దేశంలో నడపకూడదని పారేసిన పాత ఇంజన్లకి రంగేసి మనకి అంటగడుతోంది. ఈ మధ్యాహ్నం పిల్లల ఆసుపత్రిలో ఒకటి అప్పగిస్తున్నారు. ఇన్‌స్పెక్టర్ దాన్ని ఆపబోయాడు.”

“ఆసుపత్రిలో ఎక్కడ పెట్టారు?”

“పసిపిల్లల వార్డు వెనక. లోపలికి గాలి లాక్కునే డక్ట్ పక్కనే.”

వదిన ఇంట్లోనూ ఒక చంటిది ఉంది. పొద్దున తుమ్మితేనే రెండుసార్లు ఒళ్లు పట్టి చూసి వచ్చింది.

“ముఠాలో మన మనిషి ఒకడున్నాడు. పెళ్లికొడుకు అంటాం. ఎప్పుడు చూడు ముహూర్తం మించిపోతున్నట్టు ముస్తాబై ఉంటాడు.” బాబాయ్ సొరుగులోంచి పాలసీసా తీశాడు. “ఇది నీ ఆయుధం. పాలపీక పొగ పీలుస్తుంది. లోపలివి పాలు కావు, కెమికల్. పొగ హద్దు దాటితే విరుగుతుంది. అడుగున ట్రాన్స్‌మిటర్ ఉంది. ‘పాలు విరిగాయి’ అంటే చాలు, గేటు దగ్గరా సబ్‌స్టేషన్‌లోనూ మనవాళ్లు కదులుతారు.”

“సబ్‌స్టేషన్‌లో ఎందుకు?”

“ఊళ్లో కరెంటు రోజూ దానంతటదే పోతోందంటే నాకు నమ్మబుద్ధి కావట్లేదు. అలాగని ముందే కదిలితే ముఠా జారుకుంటుంది.”

మధ్యాహ్నానికి వదిన హెడ్డాఫీసు పర్చేజ్ ఆఫీసర్ అయిపోయింది. గంజి పెట్టిన చీర, లావు కళ్లద్దాలు, హ్యాండ్‌బ్యాగ్‌లో పాలసీసా. ఆసుపత్రి పెరట్లో ఆకుపచ్చ రంగు మెరుస్తూ కొత్త జనరేటర్ సెట్ నిలబడి ఉంది. పక్కన మీగడ రంగు సూటులో పెళ్లికొడుకు. నర్సులు పనుల్లేకపోయినా అటే తిరుగుతున్నారు. సూపరింటెండెంట్ డాక్టరమ్మ పెన్ను తెరిచే ఉంచింది.

“చూశారా, పొగే లేదు,” అన్నాడతను ఇంజన్ తిప్పి చూపించి.

“ఖాళీగా తిప్పితే ఏం తెలుస్తుంది? డక్ట్ మూత మూయించి, నీళ్ల మోటార్లు తగిలించి లోడ్ వేయించండి,” అంది వదిన.

అతను దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. “వదినా, నేను మనవాణ్ణే. ఇది క్లీన్ సెట్. సంతకం పెట్టించేయ్.”

“లోడ్.”

ఇంజన్ గుర్రుమంది. పైపు లోంచి నల్లపొగ కక్కుకుంటూ వచ్చింది. తీగ మీద ఆరేసిన పిల్లల గుడ్డల మీద జిడ్డుచుక్కలు పడ్డాయి. నాలుక మీద కాలిన నూనె రుచి. వదినకు ఉమ్మేయాలనిపించింది. పెళ్లికొడుకు సిల్కు రుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

గులాబీ అత్తరు.

వదిన డాక్టరమ్మ వైపు తిరిగింది. “ఇంజన్ మీది ఈ ప్లేటు చదివారా అండీ?”

“చదివాను. ‘ఎమర్జెన్సీ స్టాండ్‌బై’. ఆసుపత్రికి ఎమర్జెన్సీది కాక ఇంకేది కొంటామమ్మా?”

“ఆ మాట మన రోగుల కోసం కాదు. ఇంజన్‌కి ఇచ్చిన మినహాయింపు. ఎప్పుడో కరెంటు పోయినప్పుడు కాసేపు నడుస్తుంది గనక, కాస్త మురికిగా ఉన్నా సర్దుకుంటారు. రోజూ నడిపేదానికి ఆ మినహాయింపు లేదు. దాని రూల్ వేరు, దానికి కావాల్సిన ఇంజన్ వేరు.”

“మరి కరెంటు రోజూ పోతోందిగా?”

“పోవట్లేదండీ. పోగొడుతున్నారు.” వదిన పెళ్లికొడుకు వైపు చూసింది. “ఏం మరిదీ, ఆ పైపు ముందు కాసేపు నిలబడు. డాక్టరమ్మ ఇప్పుడే సంతకం పెడతారు. పసిపిల్లలకి పనికొచ్చే గాలి నీకు పనికిరాదా?”

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. డాక్టరమ్మ పెన్నుకు మూత పెట్టేసింది.

“ఇన్‌స్పెక్టర్‌ని మాత్రం బాగానే నిలబెట్టావు,” అంది వదిన.

అతని నవ్వు పోలేదు గానీ, చెయ్యి టైపిన్ మీదికి పోయింది. “నాకు ఇద్దరు జీతాలిస్తున్నారు వదినా, నన్నేం చెయ్యమంటావు? ఇది నొక్కితే ఊరంతా కరెంటు కట్. ఇంక్యుబేటర్లకి ఈ సెట్టే దిక్కు. డక్ట్ మూత తియ్యకపోతే లోపల ఊపిరాడదు, తీస్తే ఈ పొగే. సంతకం పెట్టక ఏం చేస్తారు?”

వదిన బ్యాగ్‌లోంచి సీసా తీసింది. తెల్లటి ద్రవం నల్లటి గడ్డలు గడ్డలుగా విరిగి, గాజుకు అంటుకుని జారుతోంది. వాంతిలా ఉంది. అటు చూడకుండా దాన్ని నోటి దగ్గర పెట్టుకుంది.

“పాలు విరిగాయి.”

అతను టైపిన్ నొక్కాడు.

వార్డు లైట్లు ఆరిపోయాయి. లోపల ఇంక్యుబేటర్ అలారం కీచుమంది. ఒకటి, తర్వాత ఇంకొకటి. ఎవరో నర్సు పరుగెత్తింది.

అలారాలు ఆగాయి. లైట్లు మళ్లీ వెలిగాయి. సబ్‌స్టేషన్‌లో మనవాళ్ల చేతికి, టైపిన్ సిగ్నల్ అందుకుని కరెంటు కోసే పెట్టె దొరికింది.

పెళ్లికొడుకు ఇంకోసారి నొక్కాడు. మళ్లీ నొక్కాడు. గేటు వైపునుంచి బూట్ల చప్పుడు దగ్గరైంది. పారిపోబోతూ అతను వదిన చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. ఆమె కాలు అడ్డం పెట్టింది. మీగడ సూటు జిడ్డు నేల మీద బోర్లా పడింది. అతన్ని తీసుకెళ్లాక, పట్టుకున్న ఆ చేతిని ఆమె మోచేతి దాకా సబ్బుతో రుద్దుకుంది. తర్వాత వార్డు కిటికీ దగ్గర నిలబడి, నిద్రపోతున్న ఒక్కో పసిబిడ్డ ఛాతీ లేచి దిగడం చివరి మంచం దాకా చూసి వచ్చింది.

సాయంత్రానికి ముఠా మొత్తం లాకప్‌లో ఉంది. ఆఫీసు జనరేటర్ చప్పుడు లేదు. బాబాయ్ మెచ్చుకుంటూనే ఉన్నాడు. వదిన వినకుండా పెరట్లోకి నడిచి, జనరేటర్ ప్లేటు మీద మసిని పాత కాగితంతో తుడిచి, తిరిగొచ్చింది.

“బాబాయ్, మన సెట్ ఎవరిప్పించారు?”

“పెళ్లికొడుకే. డిస్కౌంట్‌లో.” బాబాయ్ కాస్త ఇబ్బందిగా కదిలాడు. “ఎమర్జెన్సీ అని రాసుందమ్మాయ్. మన డిపార్ట్‌మెంట్‌కి అతికినట్టు సరిపోతుందనుకున్నా.”

ఆయన నల్లటి నలుసులు తేలుతున్న టీ కప్పు ఎత్తబోయాడు. వదిన దాన్ని మెల్లగా లాక్కుని దూరంగా పెట్టింది.

“క్యాంటీన్‌వాణ్ణి ఇంకేమీ అనకండి. ఇన్నాళ్లూ మీరు వడగట్టమన్నది టీపొడి కాదు.”