మూత వేసినా ఆగని మాట

"ఏమీ అనుకోకండి, నాకు మీ ముక్కు తప్ప ఇంకేమీ కనిపించడం లేదు."

ఎడిటరమ్మ మనవాడితో అన్న మొట్టమొదటి మాట ఇది.

మనవాడు పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తాడు. పని ఇంట్లోనే. భోజనాల బల్ల మీద లాప్‌టాప్, దాని మీదికి వంగిపోయి మనవాడు. కెమెరా కింద నుంచి చూస్తుంది కాబట్టి అవతలివాళ్ళకు ఓ ముక్కూ, దాని పైన తిరిగే ఫ్యానూ కనిపిస్తాయి. ఇన్నేళ్ళుగా ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. పుస్తకాలు వేసే ఆఫీసులో కొత్తగా చేరిన ఎడిటరమ్మ చెప్పేసింది.

"నా ముక్కుకేమైందండీ?" అన్నాడు ఉక్రోషంగా.

"ఏం కాలేదు, బాగానే ఉంది. మీ సాలీడు గురించే బెంగగా ఉంది. ఆరు కాళ్ళే వేశారు. మిగతా రెండూ ఇంట్లో మర్చిపోయి వచ్చిందా?"

మనవాడు లెక్కపెట్టుకున్నాడు. ఆరే. ఒళ్ళు మండి లాప్‌టాప్ మూత టప్పున వేసేశాడు. కాల్ కట్ చెయ్యడమంటే వాడికి తెలిసింది అదొక్కటే. బటన్ ఎక్కడుందో వెతకడం, నొక్కడం వాడి ఇంటా వంటా లేవు. మూత వేస్తే లాప్‌టాప్ నిద్రపోతుంది, అవతలి మనిషి మాయమవుతారు. అంతే.

మర్నాడు ఆమే మళ్ళీ చేసింది.

"నిన్న మొహం మీద తలుపేసినట్టు వేశారు మూత. కోపమొచ్చిందా?"

"లేదండీ. అలవాటు."

"సాలీడు సంగతేంటి?"

"ఎనిమిది వేశాను."

"థాంక్స్, ముక్కుగారూ."

పేరు అలా అంటుకుపోయింది. విచిత్రమేమిటంటే, నాలుగు రోజులు పోయాక ఆ పిలుపు వినకపోతే మనవాడికి ఏమీ తోచలేదు. ఆమె సాలీడుతో మొదలుపెట్టి, దారిలో చూసిన కుక్కపిల్ల మీదుగా, పక్కింటివాళ్ళ కుళాయి రిపేరు దాకా వెళ్ళి, మళ్ళీ సాలీడు దగ్గరికి వచ్చేది. మనవాడు "ఊఁ" కొడుతూ బొమ్మలు వేసుకునేవాడు. బొమ్మలు బాగా వచ్చేవి కూడా.

"ఎప్పుడు చూసినా మెడ పట్టుకునే ఉంటారేంటి?" అని అడిగింది ఒకసారి.

"వంగి వంగి పట్టేసిందండీ."

"మా ఆఫీసులో ఒక డాకింగ్ స్టేషన్ ఖాళీగా పడుంది. మానిటర్‌తో సహా పంపిస్తాను, వాడుకోండి."

"అంటే ఏంటది?"

"చిన్న పెట్టె. మానిటరు, కీబోర్డు, మౌసు, కెమెరా అన్నీ దానికే తగిలించి ఉంచేస్తారు. దాన్నుంచి ఒక్క వైరు మీ లాప్‌టాప్‌కి. ఆ వైరు పెడితే మీ లాప్‌టాప్ డెస్క్‌టాప్, తీస్తే మళ్ళీ లాప్‌టాప్. మీరు కూడా మనిషిలా నిటారుగా కూర్చుంటారు."

పెట్టె వచ్చింది. ఏ వైరు ఎక్కడ పెట్టాలో ఆమె ఫోన్లో చెబుతుంటే మనవాడు బల్ల కింద దూరి, తల రెండుసార్లు కొట్టుకుని, మొత్తానికి అన్నీ బిగించాడు. చివరి వైరు లాప్‌టాప్‌కి గుచ్చగానే పెద్ద మానిటర్ వెలిగింది. వీడియో కాల్ పెట్టాడు. కెమెరా ఇప్పుడు మానిటర్ నెత్తి మీద ఉంది.

"అరే, ముక్కుగారికి కళ్ళు కూడా ఉన్నాయే," అంది ఆమె.

మనవాడికి ఇన్నాళ్ళూ తెర మూలన గుప్పెడంత కనిపించిన మనిషి ఇప్పుడు ఎదురుగా కూర్చున్నట్టుంది. కనుబొమ మీద చిన్న మచ్చ. నవ్వొచ్చేముందు కింది పెదవి కొరుక్కోవడం.

"ఇంకో విషయం," అంది ఆమె. "వైరు పెట్టి ఉన్నంతసేపూ మూత వేసినా నిద్రపోదు, పని నడుస్తూనే ఉంటుంది. ఇందులో ఉన్న సుఖమే అది. విన్నారా?"

"విన్నానండీ."

వినలేదు. వాడు ఆ మచ్చనే చూస్తున్నాడు.

ఒక సాయంత్రం బయట వాన దంచేస్తోంది. పని అయిపోయినా ఇద్దరూ కాల్ కట్ చెయ్యలేదు. ఆమె ఉన్నట్టుండి అడిగింది.

"నేను మరీ ఎక్కువ మాట్లాడతానా?"

"ఏం, ఎందుకలా అడుగుతున్నారు?"

"పాత ఆఫీసులో నాకు రేడియో అని పేరు పెట్టారు. నేను వస్తుంటే అందరూ హెడ్‌ఫోన్స్ పెట్టుకునేవాళ్ళు. పాటలు వింటున్నారేమో అనుకునేదాన్ని, పిచ్చిదాన్ని. తర్వాత తెలిసింది." నవ్వింది కానీ పెదవి కొరుక్కోలేదు. "గదికి వెళ్తే నేను ఒక్కదాన్నే. మాట్లాడ్డానికి గోడలు తప్ప ఎవరూ ఉండరు. ఎందుకో మీ దగ్గర ఆ భయం లేదు."

మీరు మాట్లాడకపోతే నాకు రోజు గడవదండీ అని చెప్పాలనుకున్నాడు మనవాడు. గొంతు దాకా వచ్చింది.

"అబ్బే, అదేం లేదండీ," అన్నాడు.

ఇంతలో తమ ఇంటికి రంగులు వేయిస్తున్నారని అక్కా బావా వచ్చి మనవాడి ఇంట్లో దిగారు. అక్క కళ్ళు మామూలు కళ్ళు కావు.

ఆ రోజు మాటలయ్యాక "ఉంటాను ముక్కుగారూ" అంది ఎడిటరమ్మ. మనవాడు కళ్ళు మంటగా ఉన్నాయని మానిటర్ బటన్ నొక్కి ఆపాడు. అలవాటుగా లాప్‌టాప్ మూత టప్పున వేశాడు. వెనక్కి తిరిగితే గుమ్మంలో అక్క, చేతిలో టీ కప్పు.

"ముక్కుగారా?" అంది అక్క.

"ఆఫీసు కాలే. ఎడిటర్."

"ఎడిటర్‌తో మాట్లాడ్డానికి తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చుంటారా? కింద మాసిన పైజామాతో?"

"నీకన్నీ కావాలి."

"కావాలి. చెప్పరా, ఆ అమ్మాయంటే ఇష్టమా?"

మనవాడి చెవులు ఎర్రబడ్డాయి. అవును అంటే ఒక్క మాటతో పోయేది. కానీ చిన్నప్పటి నుంచి ఏడిపించే అక్క ముందు ఆ ఒక్క మాట అనడానికి చచ్చేంత సిగ్గేసింది. ఆ సిగ్గులో నోటికి ఏదొస్తే అది అనేశాడు.

"ఇష్టమా? నీకేమైనా పిచ్చా? ఆవిడ నోరు మూతపడదు. రేడియో పెట్టినట్టే. ఇంట్లో వినేవాళ్ళు ఎవరూ లేరు, అందుకని నన్ను పట్టుకుంది. పని కోసం భరిస్తున్నా, అంతే."

"ఆడపిల్లని పట్టుకుని ఆ మాటలేంట్రా," అని అక్క టీ కప్పు బల్ల మీద పెడుతూ ఆగింది. "అవునూ, ఈ పచ్చ లైటేంటి?"

మానిటర్ నెత్తి మీది కెమెరాలో చిన్న పచ్చ దీపం వెలుగుతోంది.

మూత వేసినా నిద్రపోదు. అప్పుడు గుర్తొచ్చింది మనవాడికి. గబుక్కున మానిటర్ బటన్ నొక్కాడు.

ఆమె ఉంది. తెర నిండా ఉంది. కళ్ళు దించుకుని బల్ల వైపు చూస్తోంది. తెర వెలిగిందని గమనించి తలెత్తింది.

"పదకొండో పేజీ బాగుంది," అంది నెమ్మదిగా. "పంపించండి."

వెళ్ళిపోయింది.

మనవాడికి తల కొట్టేసినట్టయింది. అక్క ఏదో అంటోంది కానీ వాడికి వినబడలేదు. రేడియో. ఏ మాటకి ఆమె ఒకచోట నుంచి పారిపోయి వచ్చిందో, వాడిని నమ్మి చెప్పుకుందో, వెతికి వెతికి ఆ మాటే వాడాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

తర్వాత కాల్స్ లేవు. పేజీ పంపితే "అందింది" అని జవాబు. ఇంకో పేజీకి "సరే". మనవాడు పెద్ద మెసేజ్‌లు రాసేవాడు, చదువుకునేవాడు, సిగ్గేసి చెరిపేసేవాడు. పచ్చ లైటు మాటిమాటికీ గుర్తొచ్చేది. కెమెరాని గోడ వైపు తిప్పేశాడు.

"వెళ్ళి క్షమించమని అడగరా," అంది అక్క.

"ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

"నీకున్నది ఒకటేగా, అదే పెట్టుకుని వెళ్ళు."

అయినా కదల్లేదు మహానుభావుడు. పెద్ద ఎడిటర్‌గారు ఫోన్ చేస్తే గానీ కదల్లేదు.

"ఈ పుస్తకం అవ్వగానే మీ పని వేరే ఎడిటర్ చూస్తారు. మా ఎడిటర్ అమ్మాయే మార్చమని అడిగింది. కారణం అడిగితే, 'నావల్ల ఆయనకి ఇబ్బందిగా ఉంది' అంటుంది. నిజమేనా?"

తప్పు వాడిది, నింద ఆమె నెత్తిన వేసుకుంది. ఆ మాట విన్నాక మనవాడు ఇక ఇంట్లో కూర్చోలేకపోయాడు.

"ఆవిడ వల్ల కాదండీ. తప్పు నాది. వచ్చి మాట్లాడతాను," అన్నాడు.

డాకింగ్ పెట్టె తిరిగి ఇవ్వాలన్నది సాకు. వైర్లన్నీ పీకాడు. పెట్టెనీ లాప్‌టాప్‌నీ సంచిలో పెట్టి బయల్దేరితే సగం దారిలో వాన అందుకుంది. రెయిన్‌కోట్ తీసి సంచికి చుట్టి, తను ముద్దగా తడిసి ఆఫీసు మెట్లెక్కాడు.

ఆమె బల్ల కిటికీ పక్కన ఉంది. ఇద్దరూ నేరుగా చూసుకోవడం అదే మొదటిసారి.

"రెయిన్‌కోట్ మనుషులు వేసుకుంటారు," అంది ఆమె.

"ఇది తడిస్తే పాడైపోతుందండీ."

"మరి మీరు..." అని ఆగిపోయింది. "అక్కడ పెట్టి వెళ్ళండి. తీసుకున్నట్టు రాసుకుంటాను."

మనవాడు పెట్టాడు. వెళ్ళలేదు. నేల మీద నీళ్ళు మడుగు కడుతున్నాయి.

"నేను అన్నది అబద్ధం. అక్క ఏడిపిస్తుంటే సిగ్గేసి అన్నాను. మీరు నమ్మి చెప్పుకున్న మాటనే మీ మీదికి విసిరాను. అంతకంటే నీచం ఉండదు. క్షమించమని అడగడానికి కూడా సిగ్గుగా ఉంది."

ఆమె చేతిలో పెన్సిల్‌ని అటూ ఇటూ తిప్పింది.

"కట్ చేశారనుకున్నాను. చెయ్యలేదని చెప్పబోతుంటే నా గురించే మొదలైంది. తన గురించి అంటున్నారని తెలిశాక ఎవరు కట్ చేస్తారు, మీరైతే చేస్తారా?" అంది. "చూడండి, ఎదురుగా అందరూ మర్యాదగానే మాట్లాడతారు. ఆ ఆఫీసులోనూ అంతే. నేను లేననుకున్నప్పుడు అన్నదే కదా అసలు మాట."

ఆమె అన్నది ఉన్న మాటే.

"నమ్మమని అడగనండీ. కానీ ఆ అబద్ధం అక్కకి చెప్పాను. మీ ముందే అక్కకి నిజం చెప్పేసి పోతాను."

ఫోన్ తీశాడు. వానకి తడిసి చచ్చి ఊరుకుంది. లాప్‌టాప్ తెరిచాడు. ఛార్జింగ్ అయిపోవచ్చింది. నిలబడి అవస్థ పడుతుంటే ఆమె చూడలేక, తన లాప్‌టాప్‌కి ఉన్న డాకింగ్ పెట్టె వైరు పీకి వాడి ముందు పెట్టింది.

"ఇది పెట్టండి. ఛార్జింగ్ కూడా ఎక్కుతుంది."

పెట్టాడు. అక్కకి వీడియో కాల్ చేస్తే ఎడిటరమ్మ మానిటర్ మీద అక్క ప్రత్యక్షమైంది. తల నిండా రంగు పూసుకుని ఉంది.

"ఏంట్రా, వెళ్ళావా? ఏమంది?"

"అక్కా, ఆ రోజు నేను చెప్పింది అబద్ధం. ఆవిడంటే నాకు ఇష్టం. ఆవిడ మాట వినకపోతే నాకు చెయ్యి ఆడటం లేదు."

"ఆ ముక్క నాకెందుకురా, ఆ అమ్మాయికి చెప్పు."

"ఇక్కడే ఉన్నారు. వింటున్నారు."

అక్క రెండు చేతులతో తల కప్పుకుంది. "ఓరి నీ దుంపతెగ, ముందు చెప్పొద్దూ. ఈ అవతారంలోనా చూపిస్తావు, ఉంటాను," అంది.

మనవాడు లాప్‌టాప్ మూత టప్పున వేసేశాడు.

మానిటర్ మీద అక్క మొహం పోయి ఇంటి పైకప్పు కనిపించింది. అక్క ఫోన్‌ని బల్ల మీద పడేసినట్టుంది. ఆ ఇంట్లో కాల్ కట్ చెయ్యడం ఎవరికీ రాదు.

"ఏమండీ," అంది అక్క గొంతు. "చెప్పేశాడండీ ఎట్టకేలకు."

మనవాడు కంగారుగా మౌస్ అందుకోబోయాడు. ఆమె వాడి చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండండి. విందాం."

"ఏమందట?" అని దూరం నుంచి బావ గొంతు.

"ఏమంటుందో, పాపం. వీడి వాలకం మనకి కదా తెలుసు. నిన్న ముద్ద నోట్లో పెట్టుకుని ఫోన్ చూస్తూ కూర్చున్నాడు, మింగడం కూడా మర్చిపోయి. 'సరే అని వచ్చింది అక్కా, ఎప్పుడూ సరే ముక్కుగారూ అనేది, ఇప్పుడు ఉత్త సరే' అని నాకు చెప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడండీ. అది చూస్తే నాకు కడుపు తరుక్కుపోయింది. ఆ పిల్ల ఒక్కసారి మళ్ళీ వీడితో వాగితే బావుణ్ణు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే వీడు బతకలేడు."

"బొమ్మలేమైనా వేస్తున్నాడా?"

"ఏం బొమ్మలు. నిన్నొక సాలీడు వేశాడు. పది కాళ్ళున్నాయి దానికి."

మనవాడు భూమిలోకి కుంగిపోవడానికి చోటు వెతుక్కుంటున్నాడు. ఎర్రగా కందిపోయిన ఆ మొహాన్ని ఆమె కాసేపు చూసింది. కింది పెదవి కొరుక్కుంది. ఆపుకోలేక నవ్వేసింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

మౌస్ అందుకుని తెర మీద ఎర్ర బటన్ చూపించింది.

"ఇదిగో, కట్ చెయ్యడం అంటే ఇది. నేర్చుకోండి." నొక్కింది. అక్క గొంతు ఆగింది. బయట వాన చప్పుడు మాత్రం మిగిలింది.

"పది కాళ్ళేంటి, ముక్కుగారూ?"

"మీరు లేరు కదండీ, లెక్క చూడ్డానికి."

"నేను చాలా మాట్లాడతాను."

"తెలుసు."

"ఎడిటర్‌గా మాట్లాడినంతే అనుకుంటున్నారేమో. అది సగం కూడా కాదు. పొద్దున లేస్తే మొదలు, పడుకునేదాకా."

"మూత వెయ్యను," అన్నాడు మనవాడు.