బొటనవేలంత లెన్స్

అసిస్టెంట్ అంజన్ తలుపు గడియ పెట్టి వచ్చాక గాని నౌరీన్‌కు మాట పెగల్లేదు. ఒళ్లోని కెమెరా సంచిని రెండు చేతులా పొదివి పట్టుకుంది.

“ఉస్తాద్‌ను ఎవరో చంపిన్రు మేడమ్. నిన్న నా రూముకు గూడ వచ్చిన్రు.”

డిటెక్టివ్ విజయలక్ష్మి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. “మొదటినుంచి చెప్పమ్మా.”

యాకుత్‌పురాలో మూడంతస్తుల ఇంటి మిద్దె మీది గదిలో తాహిర్ ముప్పై ఏళ్లుగా పాత మూవీ కెమెరాల లెన్సులు బాగుచేస్తున్నాడు. సరదాకు రీలు మీద సినిమాలు తీసేవాళ్లంతా ఆయన దగ్గరికే రావాలి. నౌరీన్ ఆయన శిష్యురాలు. వారం క్రితం, మంచి ఎండ వేళ, ఆయన మిద్దె మీద నుంచి గల్లీలో పడి చనిపోయాడు. పిట్టగోడ పక్కన ఆయన కెమెరా దొరికింది. పావురాలను తీస్తూ పడ్డాడని పోలీసులు తేల్చారు. ఆయన భార్య ఖైసర్ బేగం ఆ కెమెరాను నౌరీన్‌కు ఇచ్చేసింది.

“గదిల ఒక లెన్స్ కనిపిస్తలేదు. అన్నిటికన్న పెద్దది, పాత ప్రొజెక్టర్‌ది. దేనికీ పనికిరాదు, కాయితాలు ఎగరకుండ పెట్టుకునేటోడు. నిన్న షూటింగుకు పోయొచ్చేసరికి నా రూము తాళం పగిలింది. డబ్బాలన్నీ బోర్లేసిన్రు. ఒక్కటి గూడ పోలే. మళ్ల వస్తరేమో మేడమ్.”

“నిన్న ఈ కెమెరా ఎక్కడుంది?”

“నా భుజానికే. ఉస్తాద్ ఎట్ల పెట్టిండో గట్లనే ఉంచిన. ఏదీ తిప్ప బుద్ధికాలే.”

విజయలక్ష్మి కెమెరాను వెలుతురులో పట్టి చూసింది. ఒంటిమీద చిన్న గీత కూడా లేదు. ముందు బొటనవేలంత లెన్స్. దూరం రింగు మూడడుగుల దగ్గర ఆగి ఉంది. వెలుగు వచ్చే కన్ను పూర్తిగా తెరిచి ఉంది.

“ఇసొంటి చిన్న లెన్స్ సిటీల ఇంకోటి లేదు,” అంది నౌరీన్. “దీన్ని అమ్మమనే కెమెరామన్ మురళి అన్న ఉస్తాద్‌తోని లొల్లి పెట్టుకున్నడు.”

“ఏ లెన్స్ పోయిందో ఎవరికీ చెప్పకు.”

ఆ సాయంత్రమే యాకుత్‌పురా వెళ్లారు. మెట్లు పగలే చీకటిగా ఉన్నాయి. మిద్దె మీద పిట్టగోడ మోకాలెత్తుకు మించి లేదు. అంజన్ కిందికి చూసి వెనక్కి జరిగాడు.

పిలిపిస్తే వచ్చిన మురళి తల దించుకునే జవాబిచ్చాడు. “లొల్లి నిజమే మేడమ్. ఆ దినం మాత్రం నేను రాలే.”

“ఎవరైనా చూశారా?”

“ఎవరూ లేరు. ఇంట్ల ఒక్కన్నే ఉన్న.”

ఇతడేనని అంజన్‌కు అనిపించింది.

ఖైసర్ బేగం తమ్ముడు ఫర్హాన్ కింది అంతస్తులో ఉంటూ ఫోన్ కవర్లు అమ్ముతాడు. బావ చావు గురించి చెప్పడంలో అతనికి తడబాటే లేదు. “గల్లీల చాయ్ తాగుకుంట చూసిన. దుల్హాభాయ్ కంటికి కెమెరా పెట్టుకొని పావురాలను తీస్తున్నడు. గట్లనే పడిపోయిండు.”

“లెన్సుల సంగతి మీకు తెలుసా?”

“నాకేం తెలుస్తది? నాకు అన్నీ అద్దాలే.”

మరునాడు విజయలక్ష్మి ఒక్కతే నయాపూల్ పాత సామాన్ల బజారుకు వెళ్లి, ఏమీ చెప్పకుండా తిరిగొచ్చింది. ఆ రాత్రి నౌరీన్‌ను తన ఇంట్లోనే పడుకోబెట్టుకుంది.

మూడో రోజు అందరినీ తాహిర్ ఇంట్లో కూర్చోబెట్టింది. భర్త పోయాక పాటించే ఇద్దత్‌లో ఉన్న ఖైసర్ బేగం పరదా వెనక కూర్చుంది. గడప దగ్గర ఎస్సై నిలబడ్డాడు. విజయలక్ష్మి బల్ల మీద రెండు లెన్సులు పెట్టింది. ఒకటి తను తెచ్చిన గ్లాసంతది, ఇంకొకటి తాహిర్ కెమెరాలోని బొటనవేలంతది.

“వీటిలో మీరైతే ఏది తీసుకుంటారు?”

ముందు ఫర్హాన్, “చిన్నదే,” అన్నాడు. తర్వాత మురళి, నౌరీన్ కూడా దాన్నే చూపించారు. విజయలక్ష్మి ఫర్హాన్ వైపు తిరిగింది.

“మీకు అన్నీ అద్దాలే కదా. చిన్నది విలువైనదని ఎవరు చెప్పారు?”

ఫర్హాన్ గడప వైపు చూశాడు. విజయలక్ష్మి తాహిర్ కెమెరాను చూపించింది.

“కంటికి పెట్టుకున్న కెమెరా మనిషితోపాటే కింద పడాలి. ఇది మిద్దె మీదే ఉంది, గీత కూడా పడలేదు. ఎండలో ఎగిరే పావురాలను మూడడుగుల దూరానికి పెట్టి, కన్నంతా తెరిచి ఎవరూ తీయరు. తాహిర్ గారు గదిలో లెన్స్ పరీక్షించుకుంటున్నారు. ఆయన పడ్డాక ఎవరో కెమెరా తెచ్చి అక్కడ పెట్టారు. మురళి అయితే ఆ రింగులు తిప్పకుండా పెట్టడు, ఈ చిన్న లెన్స్‌ను వదిలి పోడు. హంతకుడికి లెన్సులు తెలియవు. పెద్దదే ఖరీదైనదనుకుని పట్టుకుపోయాడు. ఆయన పావురాలను తీస్తుంటే చూశానన్నది ఒక్క మీరే, ఫర్హాన్.”

ఎస్సై వెనక నుంచి నయాపూల్ పాత సామాన్ల వ్యాపారి లోపలికి వచ్చాడు. చేతిలో తాహిర్ ప్రొజెక్టర్ లెన్స్ ఉంది. “ఈ భాయే తెచ్చిండు మేడమ్. ఇది ఎవరు కొంటరు, తాహిర్ దగ్గర చిన్నదొకటి ఉంటది, అదైతే తీస్కరా అన్న. దీన్ని నా దుకాణంలనే పారేసి పోయిండు.”

“అందుకే నౌరీన్ గది తాళం పగిలింది,” అంది విజయలక్ష్మి.

“నూకాలనుకోలే,” ఫర్హాన్ గొంతు కీచుమంది. “లెన్స్ ఇయ్యమని అడిగిన. బయటికొచ్చి పో అన్నడు. పిట్టగోడ కాడ చెయ్యి గుంజిన...”

పరదా కదల్లేదు. వెనక నుంచి ఖైసర్ బేగం గొంతు మాత్రం మెల్లగా వచ్చింది.

“ఆయన జనాజా మోసేటప్పుడు మొదటి భుజం నువ్వే పట్టినవు గదరా, ఫర్హాన్.”

ఫర్హాన్ కుర్చీ దిగి, పరదా ముందు నేల మీద కూర్చుండిపోయాడు. ఎస్సై వచ్చి రెక్క పట్టుకునేదాకా లేవలేదు.