పదిహేడో పేజీకి అంటని నూనె

విశ్రాంతమ్మ లోపలికి వస్తూనే తలుపు గడియ పెట్టింది. వానకు తడిసిన చీర కుచ్చెళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. కుర్చీ చూపినా కూర్చోలేదు.

“సార్, భద్రు గొడ్డలి పట్టుకొని బస్టాండు దాక నా ఎంబడి వచ్చిండు.”

వెంకటప్పయ్య కల్లూరు రైతుబిడ్డ. ఎద్దు నడక చూసి ఏ కాలిలో ముల్లుందో చెప్పగల ఇంట్లో పుట్టి, ఖమ్మంలో ప్రైవేటు పరిశోధకుడయ్యాడు. ఆయన చూపు మీద సహాయకుడు సంసోనుకు తగని గురి.

“ఇక్కడికి రాడమ్మా. మొదటి నుంచి చెప్పు,” అన్నాడు వెంకటప్పయ్య.

పాల్వంచ అవతల అడవి అంచున ఒక వెదురు ఫ్యాక్టరీ. బొంగుల్ని ముక్కలు కొట్టే యంత్రం ఆ ఏడే, ఎనభయ్యారులో, జర్మనీ నుంచి వచ్చింది. మిషన్ దవాఖానాలో జర్మన్ సిస్టర్ల దగ్గర పదేళ్ళు పనిచేసి ఆ భాష నేర్చిన విశ్రాంతమ్మ, యంత్రం పుస్తకాన్ని ఇంగ్లీషులోకి మార్చింది. ఫ్యాక్టరీ జర్మనీకి రాసే ఉత్తరాలూ ఆమె చేతి మీదే. నాలుగు రోజుల కిందట, ఇరుక్కున్న బొంగు తీయబోయి భద్రు తమ్ముడు లాలు కత్తుల కింద చచ్చిపోయాడు. ఆమె టైపు చేసిన పదిహేడో పేజీలో ‘క్లచ్ విడదీస్తే చాలు, మోటారు ఆపనక్కరలేదు’ అని ఉందట.

“నేనట్ల రాయలే సార్. క్లచ్ ఇడిసినా మోటారు ఆపాలె, చక్రం నిలబడేదాక చెయ్యి పెట్టొద్దని రాసిన. సూపరింటెండెంటు సారేమో, క్లచ్‌కూ కప్లింగ్‌కూ జర్మన్ల ఒకటే మాట, నువ్వే తికమకపడ్డవంటున్నడు. ఎస్సై సాయంత్రం తీసుకపోతడట. ఆయన కంటె ముందు భద్రు వస్తడేమో.”

“తికమక పడ్డవా?”

“ఎట్ల పడత సార్? మిషన్ కాడికి పోయి, మోటారును ఇడదీసే క్లచ్‌కు ఎర్రదారం, ఎప్పటికీ కలిసుండే కప్లింగ్‌కు తెల్లదారం కట్టిన. చేత్తో ముట్టినంకనే రాసేది. పేజీ అయినంక ఫిట్టర్లకు తెలుగుల చదివేదాన్ని. అర్థమైతే మిషన్ నూనె వేలికద్దుకొని, పేజీ కింద మూలకు ఒత్తుతరు. పదిహేడుకు లాలు, గంగయ్య తాత ఒత్తిన్రు. ఇప్పుడు ఫైల్ల ఉన్నదాని మీద ఏలిముద్ర లేదు. తాతనడిగితే యాదికి లేదంటడు.”

దారిలో విశ్రాంతమ్మ యంత్రం నడిపే తీరూ, తను జర్మనీకి రాసిన ఉత్తరాల సంగతీ చెప్పింది. మధ్యాహ్నానికి ముగ్గురూ ఫ్యాక్టరీ చేరారు. గేటు పక్కన భద్రు గొడ్డలి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె వైపే కన్నార్పకుండా చూశాడు. విశ్రాంతమ్మ సంసోను చెయ్యి గట్టిగా పట్టుకుంది.

సూపరింటెండెంటు వెంకటరామారావు కాఫీ తెప్పించాడు. “పాపం మంచి మనిషేనండీ. కాకపోతే పొరపాటు పొరపాటే కదా.”

“ఆ పేజీ ఎప్పటిదండీ?”

“ఆవిడ ఇచ్చి నెల దాటింది. ఫైలు నా బీరువాలో, తాళం నా మొలకి. నేను తప్ప ఎవరూ ముట్టలేదు.”

“మరి వేలిముద్ర లేదేం?”

“ఆ పేజీ చదివి వినిపించి ఉండదు.”

వెంకటప్పయ్య ఫైలు తెరిచి, పేజీల మూలలు ఒక్కొక్కటే వేళ్ళతో రుద్ది చూశాడు. తర్వాత షెడ్డులో గంగయ్యను పలకరించాడు. ముసలాయన కుడిచేతి బొటనవేలు పిడికిట్లో దాచుకున్నాడు.

ఎస్సై వచ్చాక అందరినీ యంత్రం చుట్టూ నిలబెట్టారు. భద్రు గొడ్డలితోనే వచ్చాడు. క్లచ్ మీద ఎర్రదారం, కప్లింగ్ మీద తెల్లదారం ఇంకా అలాగే ఉన్నాయి.

“ఈమెకు ఏది ఏదో తెలుసని దారాలే చెబుతున్నాయి,” అన్నాడు వెంకటప్పయ్య. “ఇక ఫైలు. నూనె ముద్రలు నెల రోజులు ఒకదాని మీద ఒకటి అణిగి, అన్ని పేజీల మూలలూ రెండు పక్కలా జిడ్డయ్యాయి. పదహారు జిడ్డే, పద్దెనిమిది జిడ్డే. మధ్యనున్న పదిహేడు మాత్రం తెల్లగా, పొడిగా ఉంది. చదివినా చదవకపోయినా, నెలరోజులు ఆ రెంటి మధ్య పడి ఉంటే దానికీ నూనె ఎక్కాలి. అంటే ఇది ఫైల్లోకి వచ్చింది నూనె ఇంకిపోయిన తర్వాతే. తాళం ఎవరి మొలకుంది?”

వెంకటరామారావు పెదవులు తడుపుకున్నాడు. “ఆఫీసు టైపు మిషను మీద ఎవరైనా టైపు చేయొచ్చండీ.”

“చేయొచ్చు. బీరువా తెరవలేరు. ఆపినప్పుడల్లా పని పోతుందని మోటారు ఆపనివ్వలేదు మీరు. క్లచ్ ప్లేట్లు అరిగాయనీ, విడదీసినా చక్రం తిరుగుతోందనీ జర్మనీకి ఉత్తరం రాయించింది కూడా మీరే. కాదామ్మా?”

“అవ్ సార్. నెల కింద.”

యంత్రం వెనక నుంచి ఏడుపు వినిపించింది. గంగయ్య.

“ఒత్తిన బిడ్డా, నేనూ లాలూ ఒత్తినం. పది రోజుల కింద సారు కొత్త కాయితం తెచ్చి, పుస్తకంల గిట్లనే ఉందని లాలుకు సూపెట్టిండు. నోరు తెరిస్తే పని పోతదన్నడు. భయపడ్డ. పిలగాడు పోయినంక ఇంకా భయపడ్డ.”

భద్రు గొడ్డలి లేచింది. వెంకటరామారావు ఎస్సై వెనక్కి దూకాడు. వెంకటప్పయ్య కదలకుండా అన్నాడు: “వద్దు భద్రూ. నువ్వు జైలుకు పోతే సాక్షిగా లాలు తరఫున ఎవరు నిలబడతారు?”

గొడ్డలి చాలాసేపు గాలిలోనే ఉంది. తర్వాత మెల్లగా దిగింది.

ఎస్సై వెంకటరామారావును జీపెక్కించాడు. రేపటి నుంచి తమ్ముడి స్థానంలో ఆ యంత్రం మీద భద్రు నిలబడాలి. విశ్రాంతమ్మ జర్మన్ పుస్తకం తెరిచి, పదిహేడో పేజీని చేత్తోనే మళ్ళీ రాసింది. భద్రుకు తెలుగులో చదివి వినిపించింది.

“మల్లొక్కసారి సదువు అక్కా,” అన్నాడు భద్రు.

ఆమె మళ్ళీ చదివింది. అతను గొడ్డలి గోడకానించి, బొటనవేలు నూనెలో ముంచాడు.