నా పేరు మీది కారు

కారు దూసుకుపోతోంది.

వెనక బైక్. బైక్ మీద బావ!

"ఆపు! దొంగా... ఆపూ!"

అరుస్తున్నది సొంత అక్క మొగుడు. దొంగ అంటున్నది కారు నడుపుతున్న ఆమెని!

బ్రేక్ మేడమ్ ఆపదు. డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెబుతూ పొద్దస్తమానం "బ్రేక్! బ్రేక్!" అని అరిచీ అరిచీ తెచ్చుకున్న పేరది. ఈ రాత్రి మాత్రం ఆమె కాలు అటువైపే పోవడం లేదు.

ఎడమకి... సందు! చెత్తడబ్బా ఎగిరిపడింది!

"సారీ!" అంటుంది చెత్తడబ్బాతో. మలుపుకి ఇండికేటర్ వేసే తిరిగింది. ఎంత తొందరైనా పద్ధతి పద్ధతే.

ఇదంతా బ్యాంకులో మొదలైంది. సొంతంగా డ్రైవింగ్ స్కూల్ పెడదామని లోన్ అడగడానికి వెళ్ళింది. మేనేజర్ కళ్ళజోడు సర్దుకున్నాడు.

"మీకు ఇవ్వలేం మేడమ్. ఉన్న కారు అప్పే కట్టడం లేదుగా?"

"ఏ కారు?"

అప్పుడు చూసింది... జీవితంలో మొదటిసారి... తన క్రెడిట్ రిపోర్ట్!

గ్యాస్ కట్టేశామా అని నిద్రలో లేచి చూసుకునే ఇల్లు వాళ్ళది. తాళం వేశాక దాన్ని పట్టుకుని వేలాడే వంశం. కూరగాయలవాడి తక్కెడనైనా నమ్మరు. తమ పేరు మీద ఎవడు అప్పు తెచ్చాడో మాత్రం... ఎవ్వరూ చూడరు!

"బావ చూసుకుంటాడు." కాగితం కనిపిస్తే చాలు, ఇంటిల్లిపాదిదీ అదే మాట. ఐడీ కార్డుల జిరాక్సులు కట్టలుకట్టలుగా ఆయన దగ్గరే. ఓటీపీ వస్తే స్టవ్ ముందు నుంచే అరిచి చెప్పేవారు. పక్కింటివాళ్ళకీ ఉపయోగపడేలా.

రిపోర్ట్‌లో ఆమె పేరు. అడ్రస్ బావది. ఫోన్ నంబరూ బావదే!

నిలదీస్తే నవ్వాడు. "ఇంటి విషయం. పరువు పోతుంది. నోరు మూసుకో."

మూసుకోలేదు. షోరూమ్‌కి వెళ్ళి ఐడీ చూపించింది. "ఓనర్ మేడమా!" అంటూ వాళ్ళు కాఫీ ఇచ్చి మరీ డూప్లికేట్ తాళం చేతిలో పెట్టారు.

చీకటి పడ్డాక బావ ఇంటి ముందున్న కారు తీసింది. పేరు తనది. తాళం తనది. ఇంకెక్కడి దొంగతనం?

ఠాప్! బావ చెయ్యి అద్దం మీద!

"దిగవే కిందకి!"

"సీటు బెల్టు తియ్యాలి, టైం పడుతుంది బావగారూ!"

గేరు మారింది. బైక్ వెనకబడింది.

ఎదురుగా ఎర్రలైట్లు... పోలీసులు! రోడ్డుకి అడ్డంగా బారికేడ్!

సరిగ్గా గీత దగ్గర ఆగింది కారు. వెనకే బావ.

"ఇన్‌స్పెక్టర్ గారూ! నా కారు! కొట్టేసింది!"

టార్చి వెలుగు ఆమె మొహం మీద. "కాగితాలు?"

ఇచ్చింది. ఇన్‌స్పెక్టర్ చదివాడు. మళ్ళీ చదివాడు.

"ఇది ఈమె కారేగా. తన కారు తనే కొట్టేసిందా?"

బావ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఒక్క క్షణం. తర్వాత... నవ్వాడు!

"అవును సార్. ఆవిడ కారే. పొరపాటు నాది. అయితే డిక్కీలో ఉన్న నగల సంచీ కూడా ఆవిడదే! మొన్న దోచుకున్న షాపువి!"

ఆమెకి అప్పుడు అర్థమైంది. అందుకా... కారు తన పేరు మీద!

పిస్టల్ బయటికొచ్చింది. గురి ఆమె మీదే!

"డిక్కీ తెరువు."

దిగి తెరిచింది. నల్ల సంచీ. మూతి బిగించి కట్టి ఉంది. ఇన్‌స్పెక్టర్ ముడి విప్పాడు...

నగలు!

బావ గొంతులో తేనె. "ఒప్పేసుకో మరదలా. లాయర్ సంగతి నేను చూసుకుంటా."

"మీరు చూసుకున్నది చాలు బావగారూ!"

ఆమె పిస్టల్‌కి ఎదురుగా అడుగేసింది.

"కారు నాది. రాసుకోండి సార్. అప్పు నాది కాదు. అదీ రాసుకోండి. ముడి మీరిప్పుడే విప్పారు. లోపల ఏముందో, ఏ షాపుదో... ఈయనకెలా తెలిసింది?"

ఇన్‌స్పెక్టర్ బావ వైపు చూశాడు.

పిస్టల్ మెల్లగా తిరిగింది.

బావ పరుగు!

ఢాం!

తూటా గాల్లోకి. బావ చేతులూ గాల్లోకి.

"కంప్లైంట్ కాపీ కావాలి సార్," అంది ఆమె. "బ్యాంకుకి పంపాలి. నా పేరు నాకు కావాలి."

బేడీలు పడ్డాయి. బావ గొంతు పీలగా వచ్చింది. "అమ్మాయ్... మీ అక్కకి చెప్పకు! దణ్ణం పెడతా!"

ఆమె జేబులోంచి ఫోన్ తీసి స్పీకర్ నొక్కింది.

"లైన్లోనే ఉంది."

అవతల అక్క గొంతు... చల్లగా, చాలా మెల్లగా...

"ఏమండీ... నా పేరు మీద ఏం కొన్నారు?"