సంతకం లేని రేటు

సోమవారం పొద్దున్న కాఫీ తాగుతూ సూర్యారావు మహా ఉషారుగా ఉన్నాడు. ఇంట్లో ఇంటర్నెట్ ప్లాన్‌ను నెలకు వెయ్యి నుంచి నాలుగు వందలకు దించేశాడు మరి. ఆ సంగతి కోడలికి చెప్పాలని ఆయనకు తోచనే లేదు. రిటైరయ్యేదాకా రైల్వే వ్యాగన్ల వర్క్‌షాపులో రేట్ ఫిక్సర్‌గా చేసిన మనిషి. ఏ పనికి ఎంత సమయం పడుతుందో చూసి, కార్మికుడికి దక్కాల్సిన బోనస్ రేటు కట్టడమే ఉద్యోగం. ఇప్పటికీ ఆ వర్క్‌షాపు వాళ్లుండే డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో దేనికైనా సరైన ధర తనకే తెలుసంటాడు. వంటింటి ఖర్చు కూడా ఆయన చెప్పిందే. భార్య రమణమ్మ ముప్పై అయిదేళ్లుగా అందులోనే సర్దుకొస్తోంది.

పది గంటలకు కోడలు ఫణిశ్రీ గది తలుపు వేసుకుంది. దుర్గ్, బిలాస్‌పూర్ పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతుందామె. పన్నెండింటికి బయటికి వచ్చేసరికి ముఖం కందిపోయి ఉంది. పాఠం నాలుగుసార్లు ఆగిపోయిందట. ఇంకొక్కసారి ఇలా అయితే బ్యాచ్ వేరేవాళ్లకు ఇచ్చేస్తామని కోచింగ్ వాళ్లు చెప్పేశారు. ప్లాన్ మార్చింది ఎవరో తెలుసుకోవడానికి ఆమెకు ఒక్క ఫోన్ చాలింది.

సూర్యారావు తగ్గలేదు. "నలుగురున్న ఇంటికి నాలుగొందలు చాలమ్మా, బస్. మిగతాదంతా ఫాల్తూ ఖర్చే."

ఫణిశ్రీ గొంతు పెంచలేదు. "మావయ్యగారూ, వర్క్‌షాపులో మీరు ఆఫీసులో కూచునే రేటు కట్టేసేవారా?"

"అదెలా కుదురుద్ది? పనోడి పక్కన షిఫ్టంతా నిలబడి చూడాల. అప్పుడే రేటు."

"మరి నా పక్కన ఎప్పుడు నిలబడ్డారు?"

ఆయన అన్నం సగంలో వదిలేసి కనెక్షన్ ఇచ్చిన షాపుకు వెళ్లి, పాత ప్లాన్ మళ్లీ పెట్టించాడు. మర్నాడు పదింటికి పాత వాచీ పెట్టుకుని కోడలి గదిలో గోడవారగా నిలబడ్డాడు. కుర్చీ వేస్తే వద్దన్నాడు. తెర మీద దుర్గ్ పిల్ల ఒకతి భిన్నాల లెక్క మూడుసార్లు తప్పు చేసింది. ఫణిశ్రీ విసుక్కోకుండా నాలుగోసారి చెప్పింది. లెక్క కుదిరి ఆ పిల్ల నవ్వితే ముసలాయనకు గుండె నిండిపోయింది. రెండు గంటలూ నిలబడే ఉన్నాడు.

సాయంత్రం షాపువాణ్ణి కూచోబెట్టి అన్నీ అడిగాడు. పాఠానికి ఆరు వందల ప్లాన్ నిక్షేపంగా చాలు. వెయ్యి రూపాయల దాంట్లో ఎక్కువ సొమ్ము ఎవరూ చూడని సినిమాలకే పోతోంది. ఆ మాట వినగానే ఫణిశ్రీ కూడా దాచుకోకుండా చెప్పేసింది, ఏది సరిపోతుందో తెలియక భయపడి పెద్దది తీసుకున్నానని.

సూర్యారావు ఒక కాగితం మీద ఆరు వందలని రాసి ఆమె ముందు పెట్టాడు. "సంతకం చెయ్యమ్మా. పనోడు సంతకం పెట్టందే నేనెప్పుడూ రేటు పైకి పంపలేదు. నీ దగ్గరే తప్పు చేసేను."

ఫణిశ్రీకి కళ్లు నిండాయి. తుడుచుకుని సంతకం పెట్టింది. గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తున్న రమణమ్మ చేతులు తుడుచుకుంటూ నెమ్మదిగా అడిగింది.

"నా సంతకం ఎప్పుడు తీసుకున్నారు?"

 తెల్లారి ఆమె స్టవ్ వెలిగించేసరికి సూర్యారావు వాచీ పెట్టుకుని వంటింట్లో నిలబడి ఉన్నాడు.