గంటకు ముందే లేచిన మనిషి

పాలగదిలో మూడో గిన్నె పొయ్యి మీద పెట్టి, సుభాషిణి అద్దం వెనక్కి వచ్చి కూర్చుంది. అర లీటరు పాలు, సన్నని మంట. పాలు పొంగబోయే ముందు గంట మోగుతుంది. మోగాక కొలతకు వచ్చిన మనిషి లేచి మంట ఆర్పాలి. అంతకు ముందే లేస్తే బెరుకు, మోగాక కూడా కూర్చుంటే బద్ధకం. కొలత ఎంతో తరాజు అనే యంత్రం లెక్కగట్టి చీటీ ఇస్తుంది. చేసే పని, ఉండే వీధి, కట్టుకునే మనిషి, అన్నీ ఆ చీటీని బట్టే.

కాకినాడ సగం సముద్రంలో కలిసిపోయి, మిగిలిన సగానికి గోడ కట్టినప్పటి నుంచీ ఇదే పద్ధతి. గోడకు పడవలు వచ్చిపోయే తొమ్మిది లాకులు. పోటు వచ్చేటప్పుడు గంట మోగితే లాకులు కాసే లస్కర్లు తలుపులు దించాలి. కంగారు మనుషులు ఊరికే దించేసి పడవలను ఆపేస్తున్నారని, బెరుకు నలభై దాటినవాళ్లను లాకుల మీద ఉంచకూడదన్నారు.

పొద్దున్నే కొలతకు వచ్చిన ఇద్దరు లస్కర్లూ నిబ్బరానికి పెట్టింది పేరు. పాలు పొంగి, పొయ్యి మీద పడి, గదంతా కమురు కంపు కొట్టినా దున్నపోతు మీద వాన కురిసినట్టు కూర్చున్నారు.

"పొంగిపోతున్నాయి, కనబడలేదా?" అని సుభాషిణి అడిగింది.

"కనబడ్డాయండి. గంట మోగలేదు కదండీ మరి!" అన్నాడు మొదటి లాకు లస్కరు, వినయంగా.

పాలు పొంగిన పదకొండు నిమిషాలకు గంట మోగింది. తరాజు ఇద్దరికీ 'అత్యుత్తమం' అని చీటీ ఇచ్చింది. సుభాషిణి సంతకం పెట్టింది. పందొమ్మిదేళ్లుగా పెడుతూనే ఉంది. ఆమె బెరుకు ఏడు. అందుకే ఈ ఉద్యోగం, ప్రశాంతవీధిలో ఇల్లు, బెరుకు ఎనిమిది ఉన్న రామభద్రంతో పెళ్లి. పదిహేడేళ్ల కాపురంలో ఇద్దరూ గట్టిగా మాట అనుకున్నది లేదు. ఆ మాటకొస్తే మెల్లగా మాట్లాడుకున్నదీ తక్కువే.

మూడో మనిషి తొమ్మిదో లాకు లస్కరు నూకరత్నం. మూడుసార్లు ఫిర్యాదు చేసినవాళ్లను తరాజు పాలగదికి పిలుస్తుంది, అలా వచ్చింది. కూర్చుంది, లేచింది, గిన్నెలోకి తొంగి చూసింది, మళ్లీ కూర్చుంది. పాల మీద మీగడ కదలగానే లేచి టక్కున మంట ఆర్పేసింది. చుక్క కింద పడలేదు.

చీటీ వచ్చింది. బెరుకు ఎనభై ఒకటి. కిందటి కొలతలో ఇరవయ్యే. లాకు నుంచి తక్షణం తొలగింపు. జంట పునఃపరిశీలన.

"గంట కోసం ఎందుకు ఆగలేదు?"

"ఆయ్, పాలండి! కళ్లెదుట పొంగుతుంటే ఎలా కూకుంటానండి?" నూకరత్నం చీటీ వైపు చూసింది. "మా ఆయన్నీ నన్నూ ఇడదీసేత్తారాండి?"

"ఆయనది పన్నెండు. తేడా యాభై దాటితే రూలు అంతే."

నూకరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంతలోనే తీసేసింది.

"సరేనండి, నన్ను పీకేయండి. ఇయ్యాల అమాసండి. తొమ్మిదీ నలభైకి పోటు. కొత్త గంటలు బిగించాక ఇదే మొదటి పెద్ద పోటు. గంట ఎనకాలొత్తందని మూడుసార్లు రాయించానండి. నా సోటుకొచ్చేవోడు గంట కోసం కూకుంటాడు. పల్లపుపేట మునిగిపోద్దండి, పిల్లలున్నారక్కడ!"

సుభాషిణి ఫిర్యాదులు తెరిచి చూసింది. మూడింటి కిందా ఒకటే మాట: 'మూసివేయబడినది. కారణం, ఫిర్యాదుదారు స్వభావం.' తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం తరాజు. గడియారంలో తొమ్మిదీ ఐదు. ఈ గది గంటా, లాకుల గంటలూ ఒకేచోట నుంచి మోగుతాయి. పాలు పొంగిన పదకొండు నిమిషాలకు గంట. నీళ్లు వచ్చిన పదకొండు నిమిషాలకు...

మాడిన రెండు గిన్నెలూ మూలనే ఉన్నాయి. వాటి మీద 'అత్యుత్తమం' అని సంతకం పెట్టిన చెయ్యి తనదే. ఆమెకు సిగ్గేసింది.

నూకరత్నం పేరు మీద నాలుగోసారి రాసినా బుట్టదాఖలే. సుభాషిణి తన పేరు మీదే రాసింది: 'గంటలు ఆలస్యంగా మోగుతున్నాయి. లాకు తలుపులు ఇప్పుడే దించండి. నాకు భయంగా ఉంది.'

తరాజు తెర మీద అక్షరాలు వచ్చాయి.

'మీ బెరుకు ఏడు. భయపడుతున్నది మీరేనా? అవునంటే మీ కొలత రద్దవుతుంది. ఉద్యోగం, నివాసం, జంట పునఃపరిశీలనకు వెళతాయి.'

రామభద్రం ఈపాటికి అరుగు మీద కూర్చుని, తన కోసం బత్తాయి తొనలు వలిచి పెడుతుంటాడు. రోజూ పెడతాడు. ఏ రోజూ ఏమీ అనలేదు, తనూ ఏమీ అనలేదు. అతనంటే తనకు ప్రాణమని ఇప్పుడు తెలిసింది. తెలియడానికి మంచి సమయమే దొరికింది! ఆమె చెయ్యి తెర మీదికి చాచింది.

'అవును' నొక్కింది.

ఏడు కొలత మనిషి భయపడితే ఏం చెయ్యాలో తరాజుకు ఎవరూ నేర్పలేదు. ఫిర్యాదును మూసెయ్యడానికి కారణం దొరక్క, దాన్ని అలాగే తొమ్మిది లాకులకూ పంపేసింది. కిటికీలోంచి చూస్తుంటే తొమ్మిదో లాకు తలుపు దిగలేదు, ఎనిమిదోదీ దిగలేదు. నూకరత్నం కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది. మొదటి లాకు తలుపు కదిలింది. ఇందాక వినయంగా కూర్చున్న మనిషే అక్కడ చక్రం తిప్పుతున్నాడు. అతన్ని చూసి రెండోవాడు, ఆ తర్వాత వరసగా అందరూ.

తొమ్మిదీ నలభైకి సముద్రం వచ్చి తలుపులను కొట్టింది. గోడ అదిరింది. పల్లపుపేటలోకి చుక్క రాలేదు. తొమ్మిదీ యాభై ఒకటికి గంట తీరిగ్గా మోగింది.

తరాజులోంచి లాకుల జవాబులు చీటీలుగా రావడం మొదలైంది. మొదటి లాకు నుంచి: 'నాకూ భయమేసింది.' నాలుగు నుంచి: 'నాక్కూడా.' చిట్టచివరి చీటీ తరాజుదే, దాని మీద సుభాషిణి పేరుంది. 'తిరిగి కొలవవలెను. పాలగది. వెంటనే.'

"మరి మిమ్మల్ని కొలిచేదెవరండి?" అంది నూకరత్నం.

"నువ్వే."

నూకరత్నం కొత్త గిన్నె కడిగి, పాలు పోసి, మంట పెట్టింది. అద్దం వెనక్కి వెళ్లకుండా సుభాషిణి పక్కనే కూర్చుంది. ఇద్దరూ గిన్నె వైపే చూస్తున్నారు. మీగడ సన్నగా కదిలింది.

గంట మోగకముందే ఇద్దరూ లేచారు.